‘తప్పుగా’ అన్న ఒక్క ముక్కని ఇంగ్లీష్‌లో ఎలా రాయాలి: రాంగ్లీ, ఇంప్రాపర్లీ, అన్‌డ్యూలీ గొడవ

మా బాబాయి కొడుకు ఒకడు డాలస్‌లో ఉంటాడు, అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి వేరే చోటికి మారితే పాత ఓనర్ డిపాజిట్ వెనక్కివ్వలేదు. వీడు కోపంలో ఒక మెయిల్ టైప్ చేసి, పంపే ముందు ఎందుకో అనుమానం వచ్చి నాకు వాట్సాప్‌లో పెట్టాడు, అన్నా ఒకసారి చూడు అని. మొదటి లైనే "యూ హ్యావ్ ఇల్లీగల్లీ అండ్ చీటింగ్లీ టేకెన్ మై మనీ" అని ఉంది. వాడి బాధ నిజమే కానీ చీటింగ్లీ అని మామూలుగా ఎవరూ రాయరు, ఇల్లీగల్లీ అన్నది అక్కడ నప్పదు, అసలు వాడికి కావాల్సిన మాట ఆ రాష్ట్రం చట్టంలోనే రెడీగా ఉంది. ఆ రాత్రి ఫోన్లో గంటసేపు వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నా, కంప్లైంట్లు, హెచ్‌ఆర్ మెయిళ్ళు, బ్యాంకు లెటర్లు, ఆఫీసుకి అర్జీలు రాసుకునేవాళ్ళకి పనికొస్తుందని.

సంగతేంటంటే మనం "గా" తగిలించినట్టు వాళ్ళు "లీ" తగిలిస్తారు, అంతవరకు అందరికీ తెలుసు. చిక్కు అక్కడ లేదు. మనకి తప్పుగా అన్న ఒక్క మాటతో సగం లోకం నడిచిపోతుంది, ఇంగ్లీష్‌లో మాత్రం ఆ చేసినవాడు ఏ గీత దాటాడో చెప్పమంటుంది, గీతని బట్టి మాట మారిపోతుంది. అది చూసుకోకపోతే చిన్న పొరపాటు చేసినవాణ్ణి దొంగని చేస్తాం, దొంగపని చేసినవాణ్ణి ఏదో పొరబడ్డాడులే అన్నట్టు వదిలేస్తాం.

మొదటి పని: తెలుగులో రాసుకుని ‘తప్పుగా’ కొట్టేయండి

నవ్వకండి, నిజంగానే ముందు తెలుగులో రాయండి. లెక్క తప్పుగా వేశాడు. నాతో తప్పుగా ప్రవర్తించాడు. నన్ను తప్పుగా అనుకోకు. నా మీద తప్పుగా కేసు పెట్టారు. సిలిండర్ పైపు తప్పుగా బిగించాడు. ఐదింట్లోనూ ఒకటే మాట ఉంది కదా, ఇప్పుడు దాన్ని కొట్టేసి ఇంకో తెలుగు మాట పెట్టి చూడండి. మొదటిదాంట్లో పొరపాటున అంటే సరిపోతుంది. రెండోదాంట్లో అసభ్యంగా అనో అమర్యాదగా అనో పెట్టాలి, రెండిట్లో ఏదో మీకే తెలుసు. మూడోది అపార్థం. నాలుగోది అన్యాయంగా. ఐదోది పద్ధతి ప్రకారం కాకుండా. ఇలా రెండో మాట దొరికిందంటే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఇంగ్లీష్‌లో ఈ ఐదూ ఐదు రకాలుగా వస్తాయి. దొరకలేదంటే అసలు మీకు జరిగిందేంటో మీకే ఇంకా తేలలేదని అర్థం, అప్పుడు మెయిల్ పంపకుండా ఒక టీ తాగి రండి.

రెండో పని: ఏ గీత దాటారో దానికి తగ్గ మాట

ఇదే అసలు భాగం కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్తా.

దాటింది నిజం అనే గీత అయితే, అంటే వాస్తవం ఒకటి వీళ్ళు రాసింది ఒకటి అయితే, రాంగ్లీ. దీంట్లో ఎవరి మీదా నేరం మోపడం ఉండదు, అదే దీని అందం. మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ 22ఏ లిస్టు, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితా. ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా సొంత పట్టా భూమి సర్వే నంబరు నిషేధిత జాబితాలోకి ఎక్కిపోయి రిజిస్ట్రేషన్ ఆగిపోయినవాళ్ళు బోలెడుమంది, అర్జీ ఇంగ్లీష్‌లో రాయాల్సి వస్తే "మై ల్యాండ్ హ్యాజ్ బీన్ రాంగ్లీ ఇన్‌క్లూడెడ్ ఇన్ ద ప్రొహిబిటెడ్ లిస్ట్" అంటే చాలు. అక్కడ ఇల్లీగల్లీ ఇన్‌క్లూడెడ్ అని రాశారనుకోండి, ఆ ఫైలు చూసే ఆఫీసరునే చట్టం తప్పావని అంటున్నట్టు అవుతుంది, ఆ ఫైలు కదిలించాల్సింది కూడా ఆయనే. బ్యాంకులో డబ్బులు పొరపాటున కట్ అయినా ఇదే, రాంగ్లీ డెబిటెడ్. ఇంకొంచెం ఆఫీసు వాసన కావాలంటే ఎరోనియస్లీ అనొచ్చు, అర్థం అదే.

దాటింది పద్ధతి అయితే ఇంప్రాపర్లీ. ఒక పని ఎలా చెయ్యాలో ఒక లెక్క ఉంది, ఆ లెక్కలో చెయ్యలేదు. వ్యాక్సిన్లు చల్లగా ఉంచాల్సింది ఉంచలేదు, ఇంప్రాపర్లీ స్టోర్డ్. గీజర్ బిగించడంలో ఎర్త్ ఇవ్వలేదు, ఇంప్రాపర్లీ ఇన్‌స్టాల్డ్. ఇంటర్వ్యూ చేసిన పద్ధతి, ఓట్లు లెక్కపెట్టిన పద్ధతి, సాక్ష్యం సేకరించిన పద్ధతి, వీటన్నిటికీ ఇదే. మనుషుల విషయంలో వాడితే దీనికి బరువు పెరుగుతుంది, ఆఫీసులో ఒకడు యాక్టెడ్ ఇంప్రాపర్లీ అన్నారంటే వాడి పదవికి తగని పని చేశాడని, మామూలు మాట కాదది. మన అవినీతి నిరోధక చట్టం ఉంది కదా, 1988ది, దాన్ని 2018లో సవరించినప్పుడు ఏడో సెక్షన్‌లో లంచం తీసుకుని ప్రభుత్వ విధిని "ఇంప్రాపర్లీ ఆర్ డిస్‌హానెస్ట్లీ" చెయ్యడం అని పెట్టారు. రెండు మాటలు పక్కపక్కన ఎందుకు పెట్టారంటే రెండూ ఒకటి కాదు కాబట్టి, పద్ధతి తప్పడం వేరు, మనసులో దురుద్దేశం ఉండటం వేరు.

దాటింది సందర్భం, మర్యాద అయితే ఇనప్రోప్రియేట్లీ. చావింట్లో గట్టిగా నవ్వడం, కోర్టుకి షార్ట్స్ వేసుకెళ్ళడం, కొత్తగా చేరిన అమ్మాయిని జీతమెంత పెళ్ళెప్పుడు అని అడగడం. ఇక్కడొక్క నిమిషం ఆగాలి. మనం మిస్‌బిహేవ్ చేశాడు అంటే అందరికీ ఒకటే అర్థం, చెయ్యి వేశాడనో వెకిలిగా మాట్లాడాడనో. "హీ మిస్‌బిహేవ్డ్ విత్ మీ" అన్నది మన దేశంలోనే నడుస్తుంది, అమెరికా ఇంగ్లండ్ వాళ్ళకి మిస్‌బిహేవ్ అంటే ఎక్కువగా అల్లరి చేసే పిల్లలు గుర్తొస్తారు, ఆ "విత్ మీ" వాళ్ళు పెట్టరు కూడా. అక్కడి హెచ్‌ఆర్‌కి అలా రాస్తే విషయం తీవ్రత వాళ్ళకి ఎక్కకపోయే ప్రమాదం ఉంది. "హీ టచ్డ్ మీ ఇనప్రోప్రియేట్లీ" అని రాయండి, లేదా "బిహేవ్డ్ ఇనప్రోప్రియేట్లీ టువర్డ్స్ మీ" అని రాసి వెంటనే ఏం చేశాడో, ఏ రోజు, ఎక్కడ అన్నది రాయండి. ఈ మాట వినడానికి మెత్తగా ఉంటుంది గానీ అక్కడ ఆఫీసుల్లో దీన్ని సీరియస్‌గా తీసుకుంటారు. ఇంకా ఘాటుగా, అసభ్యత అనే గీత దాటితే ఇన్‌డీసెంట్లీ, అది మాత్రం బట్టలు, శరీరం, బూతు దగ్గరే ఉంచుకోండి, క్యూలో తోసుకుంటూ వచ్చినవాడికి వాడకండి, వాడికి రూడ్లీ చాలు.

చట్టం అనే గీత అయితే మూడు మాటలు దొరుకుతాయి. ఇల్లీగల్లీ అందరికీ తెలిసింది, ఇల్లీగల్లీ పార్క్డ్, ఇల్లీగల్లీ కన్‌స్ట్రక్టెడ్. అన్‌లాఫుల్లీ అంటే దాదాపు అదే, కాకపోతే లాయరు కోటు వేసుకున్నట్టు ఉంటుంది, అన్‌లాఫుల్లీ డిటైన్డ్ అని పిటిషన్లలో చూస్తాం. ఇల్లిసిట్లీ అనేది చాటుమాటు సరుక్కి, చాటుమాటు సంబంధాలకి. మనకి దీంతో పాత పరిచయమే, ఎక్సైజ్ వాళ్ళ వార్తల్లో ఐడీ లిక్కర్, ఐడీ సారా అని వస్తుంది చూడండి, ఆ ఐ అంటే ఇదే, ఇల్లిసిట్లీ డిస్టిల్డ్, మన భాషలో నాటుసారా, తెలంగాణలో గుడుంబా. చాలామంది ఐడీ అంటే ఏదో ఐడెంటిటీ కార్డనుకుంటారు.

న్యాయం అనే గీత అయితే అన్‌ఫెయిర్లీ. చట్టం ఏమీ తప్పి ఉండకపోవచ్చు, అయినా పక్కవాడికి ఒక లెక్క మీకు ఒక లెక్క. బరువు పెంచాలంటే అన్‌జస్ట్లీ, అది ప్రసంగాల్లో బావుంటుంది, హైక్ రాలేదని మేనేజర్‌కి రాసే మెయిల్లో అన్‌జస్ట్లీ అని రాస్తే స్వాతంత్ర్య పోరాటంలా ఉంటుంది.

ఇక హక్కు అనే గీత, దీనికే రాంగ్‌ఫుల్లీ. మా వాడికి కావాల్సింది ఇదే. రాంగ్లీలో దెబ్బతినేది ఎక్కువగా నిజం, రాంగ్‌ఫుల్లీలో దెబ్బతినేది ఒకరి హక్కు. మన పాత ఐపీసీ, 1860 నాటిది, అందులో 339వ సెక్షన్ చూడండి, ఒక మనిషికి వెళ్ళే హక్కున్న దారిలో వెళ్ళనీకుండా కావాలని అడ్డుకుంటే అతన్ని రాంగ్‌ఫుల్లీ రిస్ట్రెయిన్ చేసినట్టు అంటుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా ఈ మాట పోలేదు, 126వ సెక్షన్‌గా అలాగే కూర్చుంది. ఇక మా వాడుండే డాలస్ సంగతి, అది టెక్సస్ రాష్ట్రం, అక్కడి ప్రాపర్టీ కోడ్ ప్రకారం ఇల్లు ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, మీరు కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి సుమా, అది మర్చిపోయి తర్వాత ఏడ్చేవాళ్ళున్నారు. ఓనరు దురుద్దేశంతో అట్టిపెట్టుకుంటే 100 డాలర్లు, దానిపైన "రాంగ్‌ఫుల్లీ విత్‌హెల్డ్" మొత్తానికి మూడు రెట్లు, లాయరు ఖర్చులు అదనం. చూశారా, చట్టమే రాంగ్‌ఫుల్లీ విత్‌హెల్డ్ అని మాట ఇచ్చాక మనం ఇల్లీగల్లీ, చీటింగ్లీ అని సొంతంగా వండుకోవడం ఎందుకు. రాంగ్‌ఫుల్లీ విత్‌హెల్డ్ అని చదవగానే అవతలివాడికి వీడికి సెక్షను తెలుసు అని అర్థమవుతుంది.

జైలుకెళ్ళిన నిర్దోషుల గురించి రాసేటప్పుడు మాత్రం రాంగ్లీ కన్విక్టెడ్, రాంగ్‌ఫుల్లీ కన్విక్టెడ్ రెండూ కనిపిస్తాయి, రెండూ సరైనవే, అక్కడ నిజమూ పోయింది హక్కూ పోయింది. ఇంగ్లండ్‌లో ఉద్యోగం పోయినవాళ్ళు మాత్రం జాగ్రత్త, అక్కడ అన్‌ఫెయిర్లీ డిస్మిస్డ్ వేరు, రాంగ్‌ఫుల్లీ డిస్మిస్డ్ వేరు. మొదటిది 1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ కింద వచ్చే హక్కు, కారణం సరిగ్గా లేకుండానో పద్ధతి పాటించకుండానో తీసేశారని, రెండోది కాంట్రాక్టు తప్పారని, మామూలుగా నోటీసు పీరియడ్ ఇవ్వకుండా పంపేస్తే వచ్చేది. కోపంలో ఏదో ఒకటి రాసెయ్యకుండా ఏది మీదో చూసుకుని రాయండి.

చివరిగా మోతాదు అనే గీత, అన్‌డ్యూలీ. మనవాళ్ళు దీన్ని పెద్దగా వాడరు, నాకు మాత్రం చాలా ఇష్టం. పని తప్పు కాదు, మోతాదు తప్పు. పిల్లాణ్ణి తిట్టడం తప్పు కాదు, అన్‌డ్యూలీ హార్ష్‌గా తిట్టడం తప్పు. మిగతావన్నీ ఎక్కువగా క్రియని పట్టుకుంటాయి, ఇది విశేషణం ముందు హాయిగా కూర్చుంటుంది, అన్‌డ్యూలీ లాంగ్, అన్‌డ్యూలీ స్ట్రిక్ట్, అన్‌డ్యూలీ వర్రీడ్. కాదనే వాక్యంలో ఇంకా బాగా పండుతుంది, డాక్టరు "ఐ యామ్ నాట్ అన్‌డ్యూలీ వర్రీడ్" అన్నాడంటే కొంచెం వర్రీ ఉంది గానీ ఉండాల్సినంతే ఉంది అని. దీని చుట్టమే అన్‌డ్యూ ఇన్‌ఫ్లుయెన్స్, మన 1872 కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్, ముసలాయన్ని తన చెప్పుచేతల్లో పెట్టుకుని ఆస్తి రాయించుకోవడం లాంటిది.

మూడో పని: తెలిసి చేశాడా తెలియక చేశాడా

గీత తేలాక మనసు సంగతి. మనం అన్యాయంగా లాగేసుకున్నాడు అన్నప్పుడు తెలిసే చేశాడని లోపల ఉంటుంది, ఇంగ్లీష్‌లో అది విడిగా చెప్పాలి. తెలియక చేస్తే ఇనడ్వర్టెంట్లీ, కావాలని చేస్తే డెలిబరేట్లీ, డబ్బు కోసం అయితే డిస్‌హానెస్ట్లీ, మోసం కోసం అయితే ఫ్రాడ్యులెంట్లీ. ఈ చివరి రెండిటికీ చట్టంలో నిర్వచనాలున్నాయి, పాత ఐపీసీలో అయితే 24, 25 సెక్షన్లు, ఒకరికి అక్రమ లాభమో ఇంకొకరికి అక్రమ నష్టమో కలిగించే ఉద్దేశంతో చేస్తేనే డిస్‌హానెస్ట్లీ, మోసగించే ఉద్దేశం ఉంటేనే ఫ్రాడ్యులెంట్లీ, లేకపోతే కాదు. అంటే ఈ మాట రాసిన మరుక్షణం అవతలివాడి ఉద్దేశం రుజువు చెయ్యాల్సిన బరువు మీ నెత్తిన పడుతుంది. క్రెడిట్ కార్డు వాళ్ళు ఏదో చార్జీ వేస్తే ఫ్రాడ్యులెంట్లీ అని రాసి మూడు నెలలు తిరిగాను నేను, వాళ్ళు దాన్ని ఫ్రాడ్ విభాగానికి పంపి కార్డు బ్లాక్ చేసి కూర్చున్నారు, రాంగ్లీ చార్జ్‌డ్ అనుంటే మామూలు కస్టమర్ కేర్‌లో తేలిపోయేది. ఎవరూ చెప్పలేదు అప్పుడు.

ఇంకొకరి గురించి, ఇంకా తేలని విషయం రాస్తుంటే అలెజెడ్లీ, అంటే ఆరోపణ ప్రకారం అనే మాట, జత చెయ్యాలి, పేపరువాళ్ళు పెట్టేది అందుకే. దాన్ని ఆరోపణ ఉన్న మాటకే అతికించండి, వాక్యం మొదట్లో పడేసి వదిలేస్తే తేదీ కూడా ఆరోపణేమో అనిపిస్తుంది. మీ సొంత కంప్లైంట్‌లో మాత్రం పెట్టకండి, నన్ను ఆరోపణ ప్రకారం కొట్టాడు అని మీరే రాసుకున్నట్టు ఉంటుంది.

నాలుగో పని: వాక్యంలో ఎక్కడ కూర్చోబెట్టాలి

మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, "గా" మాట దానికి ఆనుకుని ముందుంటుంది, ప్రశ్నకి తప్పుగా జవాబిచ్చాడు. ఇంగ్లీష్‌లోకి మార్చేటప్పుడు క్రియని ముందుకు లాగుతాం కదా, దాంతోపాటు ఈ మాటని కూడా ఈడ్చుకొచ్చి క్రియకీ కర్మకీ మధ్య ఇరికిస్తాం, "హీ ఆన్సర్డ్ రాంగ్లీ ద క్వశ్చన్" అని. ఇది తప్పు, ఆ మధ్యలో చోటు లేదు. క్రియకి ముందు పెట్టండి, లేదా కర్మ అయిపోయాక చివర్న పెట్టండి.

కర్మణి వాక్యం అయితే ఇంకా సులువు, క్రియ మూడో రూపానికి సరిగ్గా ముందు, ఆనుకుని. వాజ్ రాంగ్లీ అక్యూజ్డ్, హ్యాజ్ బీన్ అన్‌ఫెయిర్లీ ట్రీటెడ్, మే హ్యావ్ బీన్ ఇంప్రాపర్లీ స్టోర్డ్. ఎన్ని సహాయక క్రియలున్నా సరే, అన్నీ అయిపోయాక, అసలు క్రియ ముందు. నమ్మడం, అనుకోవడం, ఊహించడం లాంటి వాటికి కూడా ముందే బావుంటుంది, ఐ రాంగ్లీ అజ్యూమ్డ్.

ఇప్పుడు అసలు తమాషా. చోటు మారితే కొన్నిసార్లు అర్థమే మారిపోతుంది. "హీ రూడ్లీ లెఫ్ట్ ద మీటింగ్" అంటే మీటింగ్ మధ్యలో లేచి వెళ్ళడమే మర్యాద కాదని, పిల్లిలా చప్పుడు లేకుండా వెళ్ళినా సరే. "హీ లెఫ్ట్ ద మీటింగ్ రూడ్లీ" అంటే వెళ్ళడం సంగతి పక్కన పెట్టండి, వెళ్ళిన తీరు, కుర్చీ తన్ని, తలుపు ధడేలుమని వేసి. మొదటిది పని మీద తీర్పు, రెండోది తీరు మీద తీర్పు. తెలుగులో మర్యాద లేకుండా వెళ్ళిపోయాడు అంటే రెండూ కావచ్చు, గొంతుని బట్టి తెలుసుకుంటాం. ఇంగ్లీష్ రాతలో గొంతు ఉండదు కాబట్టి చోటే గొంతు. మొదటి అర్థం ఇంకా గట్టిగా కావాలంటే వాక్యం మొదట్లో పెట్టి కామా కొట్టండి, "రూడ్లీ, హీ లెఫ్ట్". ఫూలిష్లీతో కూడా ఇంతే, ఫూలిష్లీ ముందు పెడితే ఆ పని చెయ్యడమే తెలివితక్కువ, చివర పెడితే చేసిన విధానం తెలివితక్కువ. ఇది అర్థమైతే తీర్పులు, ఎడిటోరియళ్ళు చదవడం మారిపోతుంది.

ఐదో పని: లీ లేని చోట్లు, లీ ఉన్నా మోసం చేసే చోట్లు

రాంగ్‌కి ప్రతిసారీ లీ ఉండాల్సిన పనిలేదు. క్రియ తర్వాత, మాటల్లో, ఒట్టి రాంగ్ చాలు, అదే సహజం కూడా. యూ స్పెల్ట్ మై నేమ్ రాంగ్, యూ ఆర్ డూయింగ్ ఇట్ రాంగ్. గో తర్వాత అయితే లీ పెడితే తప్పే, ఎవ్రీథింగ్ వెంట్ రాంగ్ అనాలి. అదే మూడో రూపానికి ముందైతే లీ తప్పనిసరి, రాంగ్లీ స్పెల్ట్. అపార్థం సంగతి ఒకటి మిగిలిపోయింది కదా, నన్ను తప్పుగా అనుకోకండి, దీన్ని మనం "డోంట్ మిస్టేక్ మీ" అంటాం, వాళ్ళు "డోంట్ గెట్ మీ రాంగ్" అంటారు, ఇక్కడా లీ లేదు.

అటు లీ ఉన్నా క్రియా విశేషణం కానివి కొన్ని ఉన్నాయి. అన్‌సీమ్లీ అంటే హుందాగా లేని, అన్‌ఫ్రెండ్లీ, కౌవర్డ్లీ అంటే పిరికి, ఇవి విశేషణాలు. హీ బిహేవ్డ్ అన్‌ఫ్రెండ్లీ అని రాయకూడదు, ఇన్ యాన్ అన్‌ఫ్రెండ్లీ వే అని చుట్టు తిరిగి రావాలి, ఇన్ యాన్ అన్‌సీమ్లీ మ్యానర్ కూడా అంతే.

ఇల్ అనే పొట్టి మాట కూడా ఇదే కుటుంబం, జ్వరం వచ్చిందనే ఇల్ కాదు, చెడుగా అనే ఇల్. ఇల్-ట్రీటెడ్, ఇల్-గాటెన్ వెల్త్, స్పీక్ ఇల్ ఆఫ్ ద డెడ్. మన రాజకీయ వార్తల్లో అక్రమార్జన అని వచ్చే ప్రతి చోటా ఇల్-గాటెన్ సరిగ్గా సరిపోతుంది.

స్పెల్లింగు త్వరగా చెప్పేస్తా. ఫుల్‌తో అయ్యేవాటికి ఎల్ రెండుసార్లు, రాంగ్‌ఫుల్లీ, అన్‌లాఫుల్లీ, షేమ్‌ఫుల్లీ. ఇల్లీగల్లీకి ముందొక జత ఎల్, వెనకొక జత ఎల్. అన్‌డ్యూలీలో డ్యూ చివరున్న ఈ ఎగిరిపోతుంది. ఇల్లిసిట్లీని ఈతో మొదలుపెడితే వేరే మాటైపోతుంది, ఎలిసిట్ అంటే రాబట్టడం. రాంగ్లీలో మొదటి డబ్ల్యూ పలకదు, ఇది మీకు తెలిసిందే.

ఆరో పని: రెండుసార్లు తిట్టకండి

క్రియలోనే తప్పు ఉంటే మళ్ళీ తప్పుగా అనక్కర్లేదు. రాంగ్లీ మిస్‌యూజ్డ్, ఇల్లీగల్లీ స్మగుల్డ్, డిస్‌హానెస్ట్లీ చీటెడ్, ఇవి చూస్తే రాసినవాడి కోపం తెలుస్తుంది గానీ కేసు బలపడదు. చట్టబద్ధంగా స్మగ్లింగ్ చేసేవాడు ఎవడుంటాడు చెప్పండి. మనకి అక్రమంగా ఆక్రమించారు అనడం అలవాటు, ప్రాస కూడా కుదిరింది, అదే ఊపులో ఇల్లీగల్లీ ఎన్‌క్రోచ్డ్ అని రాస్తాం. మన పేపర్లలో కూడా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టుకోరు, కానీ ఎన్‌క్రోచ్డ్ అన్నదే సరిపోతుంది.

ఏడో పని: కుదరకపోతే లీ మాటే మానెయ్యండి

ఇది చాలామందికి తట్టదు. చాలాసార్లు "లేకుండా" అనే మార్గం మెరుగ్గా ఉంటుంది. రైలు పెట్టెలో చైన్ దగ్గర రాసుంటుంది కదా, సరైన, తగినంత కారణం లేకుండా లాగితే శిక్ష అని, 1989 రైల్వే చట్టం 141వ సెక్షన్ అది, ఇంగ్లీష్‌లో "వితౌట్ రీజనబుల్ అండ్ సఫిషియెంట్ కాజ్". బ్రిటన్ పాత రైళ్ళలో ఇదే చోట ఇంప్రాపర్ యూజ్ చేస్తే 5 పౌండ్లు అని ఉండేది. ఇంప్రాపర్ అంటే ఏది ప్రాపరో ఎవరు చెప్పాలి అని వాదన వస్తుంది, కారణం లేకుండా అంటే వాదన తగ్గుతుంది, కారణమేంటో నువ్వు చెప్పు అనొచ్చు. మీరూ అంతే, హీ ఇంప్రాపర్లీ ఎంటర్డ్ మై రూమ్ అనే బదులు వితౌట్ మై పర్మిషన్ అనండి. అన్‌ఫెయిర్లీ డిడక్టెడ్ అనే బదులు వితౌట్ నోటీస్ అనండి. తిట్టు తగ్గి వివరం పెరుగుతుంది, చదివేవాడు కాదనలేడు. బిహైండ్ మై బ్యాక్, ఔట్ ఆఫ్ టర్న్, ఇన్ బ్యాడ్ ఫెయిత్, ఇవన్నీ లీ లేకుండానే ఆ పని చేసేవి.

మీకెప్పుడైనా ఇంగ్లీష్ రివ్యూలో "క్రిమినల్లీ అండర్‌రేటెడ్" అనో "అబ్‌సీన్లీ రిచ్" అనో కనిపిస్తే కంగారుపడకండి, అక్కడ నేరమూ లేదు బూతూ లేదు. మనవాళ్ళు సినిమా చూసొచ్చి అరాచకం మావా, దారుణంగా నచ్చింది అంటారే, సరిగ్గా అదే. తప్పు చెప్పే మాటని పట్టుకొచ్చి మెప్పుకి వాడటం. కబుర్లలో వాడుకోండి, అర్జీల్లో వద్దు.

ఇంతకీ మా వాడి మెయిల్. చివరికి మూడు లైన్లు అయింది. ఫలానా తేదీన ఇల్లు అప్పగించాను, కొత్త అడ్రస్ రాసిచ్చాను, 30 రోజులు దాటింది, మై డిపాజిట్ హ్యాజ్ బీన్ రాంగ్‌ఫుల్లీ విత్‌హెల్డ్, ఫలానా తేదీలోగా పంపగలరు. ఇల్లీగల్లీ పోయింది, చీటింగ్లీ పోయింది, వాడు పెట్టిన నాలుగు ఆశ్చర్యార్థకాలు కూడా పోయాయి. పన్నెండు రోజులకి చెక్కు వచ్చింది, కార్పెట్ క్లీనింగ్ అని 85 డాలర్లు కోసుకుని. వెంటనే మళ్ళీ మెసేజ్ పెట్టాడు, అన్నా ఈ 85కి అన్‌ఫెయిర్లీ అని రాయాలా అన్‌డ్యూలీ అని రాయాలా అని. కార్పెట్ మీద ఏం ఒలకబోశావో ముందు అది చెప్పరా అన్నాను, బ్లూ టిక్స్ పడ్డాయి, జవాబు రాలేదు.